కిట్ కొనేముందు సైకిల్‌ని తిరగేసి చూడండి

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. విశాఖలో మధురవాడ నుంచి మద్దిలపాలెం వైపు రోజూ సైకిల్ మీదే వచ్చిపోతుంటాను. సైకిల్‌కి మోటారు పెట్టించినప్పటి నుంచి పార్కింగ్ దగ్గర ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉన్నారు. మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లండీ?" రెండోది "స్పీడెంత వెళ్తుంది?" మూడోది "మొత్తం ఎంతైంది?" సైకిల్ ఏదని మాత్రం ఒక్కరూ అడగరు. నిజానికి అక్కడే మొదలుపెట్టాలి. సైకిల్‌కి మోటారు బిగించే ఏ కిట్ కొనాలో సగం మీ సైకిలే తేల్చేస్తుంది, మిగతా సగం బ్యాటరీ. వాట్ల సంగతి ఆ తర్వాతే.

మా ఇంట్లో రెండు సైకిళ్ళున్నాయి. ఒకటి నాన్నది, రాడ్ బ్రేకుల నల్ల సైకిలు, 22 అంగుళాల ఫ్రేము. రెండోది మా అబ్బాయి ఇంటర్ దాకా తొక్కి వదిలేసిన 26 అంగుళాల ఇనప ఫ్రేము గేర్ల సైకిలు. నాకు సహజంగానే నాన్న సైకిల్ మీద మనసు. మా వీధి చివర సైకిల్ షాపు తాత దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మాట్లాడకుండా దాన్ని తిరగేసి సీటు మీద నిలబెట్టాడు.

"ముందు చక్రం పుల్లలు లెక్కెట్టు బాబూ" అన్నాడు.

ముప్పై రెండు వచ్చాయి. వెనక చక్రానికి నలభై. ఈ పాత పెద్ద సైకిళ్ళ లెక్క అంతే, ముందు 32, వెనక 40. మామూలుగా దొరికే హబ్ మోటార్లకేమో (చక్రం మధ్యలో కూర్చునేవి) పుల్లలకి 36 రంధ్రాలుంటాయి. అంటే ఉన్న రిమ్ముకే మోటారు అల్లించుకోవడం కుదరదు. పోనీ రిమ్ముతో సహా అల్లి వచ్చేది తీసుకుందామంటే, అవి 26, 27.5, 29 అంగుళాల వాటికి దొరుకుతున్నాయి గానీ ఆ 28 × 1½ కొలతకి నాకెక్కడా కనబడలేదు. తర్వాత వెనక చక్రం విప్పించి, ఇరుసు కూర్చునే రెండు రేకుల మధ్య లోపలి కొలత తీశాం. 110 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉంది. వెనక మోటారుకి 135 కావాలి. ఇనప ఫ్రేముని నాలుగైదు మిల్లీమీటర్లు సాగదీయొచ్చు, ఇరవై అయిదు సాగదీస్తే ఫ్రేమే పోతుంది. ఇక ఆ రాడ్ బ్రేకులు. బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోవాలంటే కటాఫ్ స్విచ్చు ఉన్న లివర్లు వేయాలి, అవి కేబుల్ బ్రేకులకే సరిపోతాయి. పైగా వానలో రాడ్ బ్రేకు ఎంత బాగా పడుతుందో తొక్కినవాళ్ళకి తెలుసు.

"మీ నాయన బండి మీ నాయనకే ఉంచీ. ఆ కుర్రోడి బండి తే" అన్నాడు తాత. అలా పదినిమిషాల్లో, కంప్యూటర్ ముందు కూర్చోకుండానే, సగం కిట్లు లిస్టులోంచి ఎగిరిపోయాయి.

కాబట్టి మీరూ ఏదీ ఆర్డర్ పెట్టకముందు ఒక స్కేలు పట్టుకుని సైకిల్ దగ్గర కూర్చోండి. టైరు పక్కన ముద్రించి ఉండే సైజు, ఫోర్కు లోపలి వెడల్పు (ముందు మోటారుకి సాధారణంగా 100 మి.మీ. ఉండాలి), వెనక లోపలి వెడల్పు, ఇరుసు కూర్చునే గాడి వెడల్పు రాసుకోండి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. హబ్ మోటారు ఇరుసు మందం 12 మి.మీ., రెండు పక్కలా చదును చేసి 10 మి.మీ.కి తెస్తారు. పాత ఫోర్కుల్లో గాడి అంతకంటే సన్నగా ఉంటే ఆకురాయితో అరగదీయాలి. ఎంత అరగదీస్తే అక్కడ ఇనుము అంత తగ్గుతుంది.

ఆ చదును ఎందుకో తెలిస్తే ముందు మోటారా, వెనక మోటారా అన్న చర్చ సులువవుతుంది. హబ్ మోటారులో ఇరుసు తిరగదు, దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంటే, ఇరుసు అంతే బలంతో వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఆ గాడిలో బిగిసి కూర్చున్న రెండు చదును ముఖాలే. నట్టు ఏ కాస్త వదులైనా, గాడి విచ్చుకున్నా ఇరుసు గిర్రున తిరుగుతుంది, దాని మధ్యలోంచి వచ్చే మోటారు వైరు మెలిపడి తెగుతుంది. అది ముందు చక్రమైతే ఫోర్కులోంచి ఊడి రావచ్చు కూడా. అల్యూమినియం ఫోర్కు, షాకబ్జార్బర్ ఉన్న ఫోర్కు ఇలాంటి మెలికకి నిలబడవు, చెప్పకుండా పగులుతాయి. "ముందు మోటారైతే అరగంటలో మీరే బిగించుకోవచ్చు సార్" అని అమ్మేవాళ్ళు చెప్పేది నిజమే, బిగించడం తేలికే. మా అబ్బాయి సైకిల్‌కి ముందు షాకబ్జార్బర్ ఉంది కాబట్టి నాకు వెనక మోటారు తప్ప దారి లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది, ముందు చక్రం ఊరికే జారుతుంది, కాబట్టి దారి లేకపోవడమే మంచిదైంది.

ముందైనా వెనకైనా టార్క్ ఆర్మ్ మాత్రం వేయించండి. ఇరుసు చదును పట్టేలా రంధ్రం కోసిన ఉక్కు పట్టీ అది, రెండో కొస ఫ్రేముకి బిగుస్తుంది. కిట్‌తో రాకపోతే విడిగా కొనండి, లేదా లేత్ పని వాళ్ళ దగ్గర 6 మి.మీ. పట్టీలో కోయించుకోండి. మా ఊళ్ళో అయితే ఆటోనగర్ ఉంది. కిట్ మొత్తం ఖర్చులో దీని ధర టీ ఖర్చులాంటిది.

ఇప్పుడు మోటారు రకం. హబ్ మోటార్లలో లోపల గేర్లున్నవి, గేర్లు లేనివి అని రెండు జాతులు. గేర్లు లేనిది పెద్ద పళ్ళెంలా ఉంటుంది, నాలుగున్నర కేజీల పైమాటే. లోపల అరిగేదేమీ లేదు, చప్పుడు లేదు, బ్రేకు వేస్తే కాస్త కరెంటు వెనక్కి ఇచ్చే సౌకర్యం కూడా పెట్టుకోవచ్చు. కానీ బ్యాటరీ అయిపోయాక తొక్కాలంటే లోపలి అయస్కాంతాలు చక్రాన్ని పట్టుకుని లాగుతుంటాయి. గేర్లున్నది చిన్నది, తేలిక, దాదాపు రెండున్నర మూడు కేజీలు. లోపల ఒకవైపే పట్టే క్లచ్ ఉండటం వల్ల కరెంటు లేనప్పుడు మామూలు సైకిల్లాగే దొర్లిపోతుంది. నైలాన్ గేర్లు ఎప్పటికైనా అరుగుతాయి, సెట్టు మార్చుకోవాలి. నేను గేర్లదే తీసుకున్నాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు, పెట్రోలు బంకుల దగ్గర మైళ్ళ క్యూలు. అప్పుడు పనికొచ్చింది నాన్న నల్ల సైకిలే. చార్జింగ్ లేకపోతే తొక్కడానికి రాని సైకిలు నాకొద్దు అన్నది అప్పటి నుంచే బుర్రలో ఉండిపోయింది.

పెడళ్ళ దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ కిట్లు కూడా ఉన్నాయి. అవి సైకిల్ గేర్లు వాడుకుంటూ తోస్తాయి కాబట్టి ఘాట్ రోడ్లకి వాటిని మించినవి లేవు. ధర ఎక్కువ, చైనూ పళ్ళచక్రాలూ త్వరగా అరుగుతాయి, మొదటిసారి పెట్టించుకునేవాళ్ళకి అంత అవసరం లేదని నా ఉద్దేశం. కాటర్ పిన్నుతో బిగించే పాత క్రాంకు (పెడల్ కడ్డీ) ఉన్న సైకిలైతే ఆ ఆలోచనే వదిలేయండి.

ఇంకో చవక రకం ఉంది, చూస్తే చాలామంది ముఖం చిట్లిస్తారు. వెనక పక్కన చిన్న బ్రష్ మోటారు, దాన్నుంచి విడిగా ఒక చైను. గరగరమంటుంది, చూడటానికి అందంగా ఉండదు. కానీ పాల క్యాన్లు, కూరగాయల బస్తాలు వేసుకు తిరిగే సైకిల్‌కి, పక్కనే వెల్డింగ్ షాపు తప్ప ఇంకేమీ లేని ఊళ్ళో, అది తెలివైన బేరమే. బ్రష్షులు పోతే మోటారు రివైండింగ్ చేసే ఎవరైనా మార్చేస్తారు. హబ్ మోటారులో చక్రం ఎంత తిరిగిందో కనిపెట్టే హాల్ సెన్సర్ పోతే ఆ ఊళ్ళో ఎవరు చూస్తారు?

సరే, వాట్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో దీనికి ఒక గీత గీశారు. మోటారు ముప్పై నిమిషాల పవర్ (అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగేది) 0.25 కిలోవాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేసిన బండి బరువు 60 కేజీలకు మించకూడదు. ఆ గీత లోపల ఉంటేనే అది మోటారు వాహనం కింద లెక్కకు రాదు. 500, 1000 వాట్ల కిట్లు ఆన్‌లైన్‌లో చక్కగా అమ్ముతున్నారు. అవి బిగించాక మీ సైకిలు నంబరు ప్లేటు ఉండాల్సిన బండి అవుతుంది, ఆ ప్లేటు వచ్చే దారీ ఉండదు. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు లేని బండి నడిపినట్టు.

"250తో ఎండాడ ఎత్తు ఎక్కుతుందా?" అని మా ల్యాబ్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ గారొకరు అడిగారు. లెక్క చూద్దాం. మనిషి, సైకిలు కలిపి 90 కేజీలు, వందకి 5 అడుగులు లేచే ఎత్తు, వేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకుంటే, బరువుని పైకి లేపడానికే 184 వాట్లు కావాలి. గాలికి, టైర్లకి ఇంకో నలభై యాభై. అంటే దాదాపు 230, మోటారు ఒక్కటే లాగేస్తుంది. ఎత్తు రెట్టింపైతే 400 దాటుతుంది, అక్కడ మీరూ తొక్కాలి, వేగమూ తగ్గుతుంది. 36 వోల్టుల కిట్లకి తరచుగా 15 ఆంపియర్ల కంట్రోలర్ (మోటారుకి కరెంటు అందించే డబ్బా) వస్తుంది, అది కొద్దిసేపు 540 వాట్ల దాకా బ్యాటరీలోంచి లాగగలదు. నిబంధనలో ఉన్నది ముప్పై నిమిషాల పవర్ గురించి, ఇది ఆ రెండు మూడు నిమిషాల ఎత్తు కోసం. సైకిలంటే తొక్కేదే కదా, మోటారు సాయానికి.

వాట్ల కంటే మోటారు మీద రాసుండే ఆర్పీఎం చూడండి. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు వెళ్తుంది. నిమిషానికి 201 తిరిగే మోటారు గంటకు 25 దగ్గర ఆగుతుంది. అదే 328 అని రాసుంటే 40 దాకా వెళ్ళాలని చేసింది. అంత వేగం మనకి అక్కర్లేదు సరికదా, అది ఎత్తు మీద నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు కరెంటు తాగుతూ వేడెక్కుతుంది. అదే 250 వాట్లయినా నిదానంగా తిరిగేదే ఎత్తు ఎక్కుతుంది.

ఇక బ్యాటరీ. డబ్బు పోయేదీ, మోసం జరిగేదీ, భయం ఉండేదీ ఇక్కడే. నేను చూసినప్పుడు బ్యాటరీ లేని కిట్లు పదివేలకి కాస్త అటూఇటూ ఉన్నాయి, బ్యాటరీతో కలిపితే ఇరవై వేలు దాటాయి. కాబట్టి మీరు కొంటున్నది ప్రధానంగా బ్యాటరీ. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లైతే 360. తొక్కుతూ వెళ్తే కిలోమీటరుకి 10 నుంచి 15 వాట్ అవర్లు పోతాయి. నాకు రానూపోనూ దాదాపు 24 కిలోమీటర్లు, 12 చొప్పున 288. బ్యాటరీ ఎప్పుడూ అడుగంటా వాడకూడదు, అయిదో వంతు మిగల్చాలి. అలా చూస్తే 360 సరిగ్గా సరిపోతుంది, కొత్తలో. రెండు మూడేళ్ళకి దాని సత్తువ తగ్గాక ఇంటికొచ్చే ఎత్తు దగ్గర దిగి తోసుకోవాలి. అందుకే 13 ఆంపియర్ అవర్లది, అంటే 468 తీసుకున్నాను. ఇరవై శాతం ముసలిదైపోయినా నా రోజు గడిచిపోతుంది. ఆఫీసులో చార్జింగ్ పెట్టుకునే వీలుంటే చిన్నదే కొనండి, డబ్బూ బరువూ కలిసొస్తాయి.

బ్యాటరీ మీద అంటించిన స్టిక్కరు ఎవరైనా అచ్చేయించుకోవచ్చు. బరువు మాత్రం దాచలేరు. ఈ ప్యాకుల్లో ఎక్కువగా ఉండేవి 18650 సెల్స్, వేలెడంత ఉండే గుండ్రటి సెల్స్. ఒక్కోటి 45 నుంచి 48 గ్రాములు. 36 వోల్టులకి పది సెల్స్ వరసగా కలపాలి. ఆ సైజులో దొరికే మంచి సెల్ కూడా 3.5 ఆంపియర్ అవర్ల దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు ఎవరైనా "36 వోల్ట్, 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)" అంటే అలాంటి వరసలు ఆరు ఉండాలి, అరవై సెల్స్. సెల్స్ బరువే రెండు కేజీల ఏడు వందల గ్రాముల పైన. ఆపైన డబ్బా, వైర్లు, సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు. ఒకాయన అలాంటి ప్యాకే అమ్మజూపితే, పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. రెండు కేజీలు కూడా తూగలేదు. ఆయన "ఇది లైట్ వెయిట్ టెక్నాలజీ సార్" అన్నాడు. కిరాణా కొట్టాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

నాది 2.6 ఆంపియర్ అవర్ల సెల్స్ యాభై, డబ్బాతో కలిపి మూడు కేజీల దగ్గర. లెక్క కుదిరింది. సెల్ కంపెనీ పేరు, ఐఎస్ 16046 (లిథియం సెల్స్ భద్రతకి మన దేశ ప్రమాణం) గుర్తు, బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లకి తట్టుకుంటుందో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల సెల్స్ ఏరి కట్టిన ప్యాకుల జోలికి అసలు పోవద్దు.

లిథియంలో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం ఇంకొంచెం బరువు, కానీ వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువ సార్లు చార్జింగ్ పడుతుంది. క్యారియర్ మీద పెట్టుకోవడానికి అభ్యంతరం లేకపోతే మన ఎండలకి అదే మంచి ఎంపిక అంటాను. నా ఫ్రేములో పట్టేది దొరకలేదు. చార్జర్ మాత్రం ప్యాకుతో వచ్చిందే వాడాలి. పది సెల్స్ మామూలు ప్యాకు 42 వోల్టులకి నిండుతుంది, పన్నెండు సెల్స్ ఎల్ఎఫ్‌పీ 43.8కి. పిన్ను పట్టింది కదా అని దీనికది గుచ్చితే మొత్తం భారం ఒక్క బీఎంఎస్ మీదే పడుతుంది. మే నెలలో ఎండనపడి వచ్చి వెంటనే చార్జింగ్ పెట్టను, చేత్తో ముట్టుకుంటే చల్లగా అనిపించాకే. పడుకునే గదిలో, గుమ్మం దగ్గర పెట్టను. మా ఆవిడ దీనికి బాల్కనీలో గచ్చు మీద ఒక మూల కేటాయించింది, బట్టలారేసే తీగకి దూరంగా.

యూపీఎస్‌ల్లో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు వేసి కిట్ చవగ్గా ఇస్తామనేవాళ్ళూ ఉన్నారు. 24 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు, కాగితం మీద 168. మోటారు లాగినంత జోరుగా లాగితే అందులో చేతికొచ్చేది చాలా తక్కువ. నాలుగు కేజీల పైన బరువు అదనం. పాల కేంద్రం దాకా వెళ్ళి రావడానికైతే సరే.

చిన్న సామాన్లలో నాకు పట్టింపు ఉన్నవి రెండు మూడు. యాక్సిలరేటర్ బొటనవేలితో నొక్కేది తీసుకోండి, పిడి తిప్పేది వద్దు. సైకిల్‌ని గేటు దగ్గర తోసుకెళ్తూ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు పిడి తిరిగితే అది ఒక్క ఉదుటున దూకుతుంది. మీరు తొక్కుతున్నారని మోటారుకి చెప్పే పెడల్ సెన్సర్ రింగులో అయస్కాంతాలు ఎన్నని అడగండి. పన్నెండున్నది త్వరగా అందుకుంటుంది, తక్కువున్నవి అరచుట్టు తొక్కాక గానీ మేల్కోవు. మోటారు వైరు ఇరుసు నుంచి బయటికొచ్చాక ముందు కిందికి వంగి, తర్వాత పైకి వెళ్ళేలా కట్టించండి. వాన నీళ్ళు వైరు వెంట జారి ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి, లేకపోతే నేరుగా మోటారులోకి పోతాయి. గుండ్రటి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ల మీద చిన్న బాణం గుర్తులుంటాయి. రెండు బాణాలూ ఎదురెదురుగా పెట్టి, తిప్పకుండా తిన్నగా నొక్కాలి. తిప్పితే లోపలి సన్న పిన్నులు వంగుతాయి, ఆ తర్వాత బండి ఒకసారి కదులుతుంది, ఒకసారి కదలదు, కారణం ఎవరికీ దొరకదు. సముద్రపు గాలి ఉన్న మా ఊళ్ళో ఆ జాయింట్లకి సిలికాన్ గ్రీజు రాస్తే తుప్పు పట్టవు.

విజయనగరంలో ఉన్న మా అక్క మొన్న ఫోన్ చేసి, "మీ బావకి మోకాళ్ళు పట్టేస్తున్నాయిరా, నీలాంటిదే ఒకటి పంపించేయ్" అంది. నాలాంటిది ఆయన సైకిల్‌కి పడుతుందో లేదో ఇక్కణ్ణించి ఎలా చెప్పను? వెనక చక్రం విప్పించి, ఇరుసు కూర్చునే రెండు రేకుల మధ్య స్కేలు పెట్టి ఒక ఫోటో, టైరు మీది అంకెలు కనబడేలా ఇంకో ఫోటో పంపమన్నాను. బావగారు పంపారు. స్కేలు తలకిందులుగా ఉంది గానీ 135 కనబడుతోంది.